చదరపు అడుగు రేటు చెప్పని లెక్క

ఇల్లు కట్టాలనుకున్నవారు మొదట అడిగే ప్రశ్న ఒకటే: చదరపు అడుగుకు ఎంత పడుతుంది? ప్రశ్న ఎంత సూటిగా ఉంటుందో జవాబూ అంత సూటిగానే వస్తుంది. ఒక అంకె. దాన్ని విస్తీర్ణంతో గుణిస్తే బడ్జెట్ సిద్ధం. ఏడాది తిరిగేసరికి అదే మనిషి అప్పు కోసం మళ్లీ తిరుగుతుంటే, ధరలు పెరిగాయని అందరూ ఓదారుస్తారు. ధరలు పెరిగే ఉండవచ్చు. కానీ చాలాసార్లు తేడా వచ్చింది ధరల్లో కాదు. మొదట చెప్పిన అంకె ఎవరి ఇంటిదో గానీ ఆయన ఇంటిది కాదు.

ఉష్ణమండల దేశాల్లో ఈ పొరపాటు మరీ ఖరీదైనది. కర్కట రేఖకు, మకర రేఖకు మధ్య ఉన్న ఈ పట్టీలో ఇల్లు చలి నుంచి కాపాడనక్కర్లేదు. గోడల్లో దూది కుక్కే పని లేదు, గదులు వేడి చేసే యంత్రాల ఖర్చు లేదు. అందుకే ఇక్కడ కట్టడం తేలిక, చవక అన్న అభిప్రాయం ఒకటి ఉంది. అది సగమే నిజం. చలి లేదు గానీ నీరుంది. పైనుంచి కుండపోతగా, కింద భూగర్భజలంగా, మధ్యలో గాలిలో తేమగా మూడు వైపుల నుంచీ వస్తుంది. పైన నిట్టనిలువు ఎండ. చెదలు సరేసరి. చదరపు అడుగు రేటు ఇంటి గదులను లెక్కపెడుతుంది గానీ వీటిని లెక్కపెట్టదు.

ఒక ఉదాహరణ ఇల్లు పెట్టుకుని లెక్క చూద్దాం. బయటి కొలతల్లో 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, ఒకే అంతస్తు. అంటే 100 చదరపు మీటర్లు, సుమారు 1,076 చదరపు అడుగులు.

ఈ ఇంటి విస్తీర్ణం ఎంత? ఇప్పుడే చెప్పాను కదా, 100 చదరపు మీటర్లు. కానీ బయటి గోడల మందం 230 మి.మీ. అనుకుంటే లోపల మిగిలేది 9.54 మీటర్ల చతురస్రం, అంటే 91 చదరపు మీటర్లు. గదుల మధ్య గోడలు కూడా తీసేస్తే కాలు పెట్టగలిగే నేల 88, 89 దగ్గర ఆగుతుంది. వాన గోడల మీద పడకుండా స్లాబును చుట్టూ 60 సెం.మీ. బయటికి తెచ్చారనుకోండి, స్లాబు 11.2 మీటర్ల చతురస్రం అవుతుంది, 125 చదరపు మీటర్లు దాటుతుంది. ఇల్లు ఒకటే, విస్తీర్ణాలు మూడు.

ఇప్పుడు ఇద్దరు కాంట్రాక్టర్లు రేటు చెప్పారు. ఒకాయన గోడల బయటి కొలతకు చెప్పారు. రెండో ఆయన ఐదో వంతు తక్కువకు చెప్పారు, కానీ స్లాబు కొలతకు. 100ను పూర్తి రేటుతో గుణించినా, 125ను ఐదో వంతు తగ్గించిన రేటుతో గుణించినా వచ్చే మొత్తం ఒకటే. పైసా తేడా లేదు. అయినా ఇంటికి వచ్చి చెప్పుకునేటప్పుడు మాత్రం రెండో ఆయన మంచివాడు, బేరం కుదిరింది అంటాం. రేటు ఎంత అని అడగడానికి ముందు ఏ కొలతకు అని అడగాలి. వరండా పూర్తిగా కలుపుతారా, సగమే కలుపుతారా? మెట్ల మీది కప్పు లెక్కలో ఉందా? ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబు లేకపోతే ఆ రేటుకు అర్థం లేదు.

కొలత తేలినా మరో చిక్కు ఉంది. ఇంటి ఖర్చు విస్తీర్ణంతో సమానంగా పెరగదు. చిన్న ఇంట్లోనూ వంటగది ఒకటే, పెద్ద ఇంట్లోనూ ఒకటే. స్నానాల గది, సెప్టిక్ ట్యాంకు, నీళ్ల ట్యాంకు, కరెంటు కనెక్షన్ ఇవన్నీ ఇల్లు సగమైతే సగం కావు. అందుకే చిన్న ఇంటికి చదరపు అడుగు ఖర్చు ఎక్కువ పడుతుంది. పక్కవారి పెద్ద ఇంటి రేటు తెచ్చి మన చిన్న ఇంటికి తగిలిస్తే లెక్క తప్పడం ఖాయం. పై అంతస్తు వేస్తే ఇందుకు వ్యతిరేకంగా జరుగుతుంది. పునాది, కప్పు రెండు అంతస్తులూ పంచుకుంటాయి కాబట్టి ఖర్చు రెట్టింపు కాదు. మెట్లు, కాస్త బలమైన పునాది అదనం.

ఇక ఆకారం. మన ఇంటి చుట్టుకొలత 40 మీటర్లు. అదే 100 చదరపు మీటర్లను 20 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పుతో కడితే చుట్టుకొలత 50 మీటర్లు. విస్తీర్ణం అంగుళం పెరగలేదు, బయటి గోడ మాత్రం పావు వంతు పెరిగింది. దాని కింద పునాది, దాని రెండు ముఖాలకూ ప్లాస్టరింగ్, రంగు అన్నీ ఆ మేరకు పెరిగాయి. ఈ లెక్క చూసి చతురస్రమే తెలివైన ప్లాను అని తేల్చేయకండి. వేడీ తేమా కలిసిన చోట ఇంటికి కావలసింది గాలి ఇటు నుంచి అటు దూసుకుపోవడం. ఒకే వరస గదులున్న సన్నని ఇంట్లో ప్రతి గదికీ ఎదురెదురు కిటికీలు దొరుకుతాయి. పొడవైన గోడలు ఉత్తర దక్షిణాలకు తిప్పితే, పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా పడే తూర్పు పడమర గోడలు చిన్నవవుతాయి. చతురస్రం కట్టేటప్పుడు చవక, సన్నని ఇల్లు ఉండేటప్పుడు చల్లన. కట్టిన ఖర్చు ఒకసారే, కరెంటు బిల్లు నెలనెలా. నన్నడిగితే ఉష్ణమండలంలో ఆ అదనపు గోడ డబ్బు దండగ కాదు. కానీ ఆ సంగతి అంచనాలో తెలిసి చేర్చుకోవాలి, కట్టాక తెలుసుకోకూడదు.

కప్పు దగ్గర చదరపు అడుగు రేటు పూర్తిగా చేతులెత్తేస్తుంది. పెంకులో రేకులో వేసిన వాలు కప్పు తీసుకోండి. వాన జల్లు గోడను తాకకుండా, ఎండ కిటికీలోకి రాకుండా చూరు చుట్టూ 90 సెం.మీ. బయటికి తెచ్చారు. పైనుంచి చూస్తే కప్పు 11.8 మీటర్ల చతురస్రం, 139 చదరపు మీటర్లు. కానీ కప్పు బల్లపరుపుగా లేదు. 30 డిగ్రీల వాలు ఉంటే అసలు ఉపరితలం అంతకన్నా 15 శాతం పైచిలుకు ఎక్కువ, అంటే సుమారు 161 చదరపు మీటర్లు. కింద నేల 100, పైన కప్పు 161. దూలాలు, వాసాలు, రేకులు, బోల్టులు అన్నీ ఈ 161కి కొనాలి. రేకు మీద రేకు ఎక్కే అతివ్యాప్తి, కోతల్లో పోయే ముక్కలు దానికి అదనం. నేల విస్తీర్ణం చూసి రేకులు తెప్పించినవారు సగం కప్పు ఎక్కాక మళ్లీ లారీ కిరాయి కట్టుకుంటారు.

అదే చూరు తుపాను ప్రాంతంలో ఎదురు తిరుగుతుంది. భూమధ్యరేఖకు 5 డిగ్రీల లోపు తుపానులు పుట్టడం చాలా అరుదు. అంతకు ఎగువన, దిగువన ఉన్న ఉష్ణమండల తీరాలకే ఆ బెడద. గాలి తోపుడు వేగంతో పాటు పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలి 150 అయితే కప్పు మీద బలం ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు. పైగా ఆ బలం చాలావరకు కప్పును పైకి లేపేది. బయటికి పొడుచుకొచ్చిన చూరు దానికి చక్కగా పట్టు దొరికే చోటు. విరుగుడు పెద్ద ఖరీదైనదేమీ కాదు. వాసాన్ని దూలానికి, దూలాన్ని గోడల మీద చుట్టూ పోసే కాంక్రీటు బెల్టు బీముకు, బీమును పునాదికి లోహపు పట్టీలతో, బోల్టులతో వరసగా కట్టేయాలి. మొత్తం ఇంటి ఖర్చులో ఆ పట్టీలు కనిపించనంత చిన్న అంశం. చాలా అంచనాల్లో అవి నిజంగానే కనిపించవు.

స్లాబు సంగతికి వద్దాం. అంచనా అంటే చివరికి రెండు నిలువు వరసల గుణకారం: ఒకటి పరిమాణం, రెండోది ధర. పరిమాణం నక్షా నుంచి వస్తుంది, ధర బజారు నుంచి వస్తుంది. ధర మన చేతిలో లేదు. పరిమాణం మాత్రం టేపు, కాలిక్యులేటర్ ఉన్న ఎవరైనా సరిచూసుకోవచ్చు. మన స్లాబు 125.44 చదరపు మీటర్లు, మందం 125 మి.మీ. అనుకుంటే కాంక్రీటు 15.7 ఘనపు మీటర్లు. సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు కలిపే మిశ్రమంలో ఘనపు మీటరుకు 50 కిలోల బస్తాలు సుమారు 8 పడతాయి. అంటే 126 బస్తాలు. ఇసుక 6.6 ఘనపు మీటర్లు, కంకర 13.2. మూడూ కలిపితే 15.7 కన్నా చాలా ఎక్కువ అవుతున్నాయే అని అనుమానం రావాలి. అది మంచి అనుమానం. కంకర సందుల్లో ఇసుక, ఇసుక సందుల్లో సిమెంటు దూరి కూర్చుంటాయి. అందుకే ఒక ఘనపు మీటరు తడి కాంక్రీటుకు పొడి సరుకు సుమారు 1.54 ఘనపు మీటర్లు తీసుకోవాలని లెక్కకట్టేవారు అంటారు.

ఇనుము దగ్గర గుడ్డి లెక్కలు మొదలవుతాయి. స్లాబులో కాంక్రీటు ఘనపరిమాణంలో 0.7 నుంచి 1 శాతం ఇనుము ఉంటుందన్నది వాడుకలో ఉన్న లెక్క. ఘనపు మీటరు ఇనుము 7,850 కిలోలు. దాని ప్రకారం మన స్లాబుకు 860 కిలోలు చాలవచ్చు, 1,230 కిలోలు కావాల్సి రావచ్చు. తేడా 370 కిలోలు! ఇంజనీరు గీసిన కడ్డీల నక్షా లేకుండా ఎవరైనా ఇనుము బరువు ఖచ్చితంగా చెబితే అది వారి ధైర్యం, మన డబ్బు.

నక్షా ఉంటే ఒక చిన్న సూత్రం చాలు. కడ్డీ వ్యాసాన్ని మి.మీ.లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు కడ్డీ బరువు కిలోల్లో వస్తుంది. 8 మి.మీ. కడ్డీ 0.395 కిలోలు, 10 మి.మీ. కడ్డీ 0.617. చూడటానికి తేడా రెండే మిల్లీమీటర్లు. బరువులో 56 శాతం. జాగ్రత్త కోసం ఒక సైజు పెద్దది వేద్దాం అని ఎవరైనా ఉదారంగా అన్నప్పుడు గుర్తుంచుకోవలసిన అంకె ఇది. మందం కూడా అంతే. 125 మి.మీ. స్లాబును 150 చేస్తే మరో 25 బస్తాల సిమెంటు, దాని వెంట ఇసుక, కంకర. స్లాబు బరువు ఐదో వంతు పెరిగితే దాన్ని మోసే బీములు, స్తంభాలు, పునాది కూడా మళ్లీ చూసుకోవాలి.

ఇటుకలు ఇంతకన్నా తేలిక. 190, 90, 90 మి.మీ. ఇటుకకు 10 మి.మీ. మసాలా (ఇటుకల మధ్య పెట్టే సిమెంటు, ఇసుక మిశ్రమం) కలిపితే ఘనపు మీటరు గోడకు సరిగ్గా 500 వస్తాయి. 400, 200 మి.మీ. ముఖం ఉన్న సిమెంటు దిమ్మెలైతే మసాలా కలుపుకుని చదరపు మీటరు గోడకు పన్నెండున్నర. విరిగేవాటికి కాస్త కలుపుకోవాలి. ఇటుక సైజు దేశానికొకటి, ఒక్కోసారి బట్టీకొకటి. కాబట్టి లెక్క నోటికి రావడం కన్నా చేతిలో ఇటుక పట్టుకుని కొలవడం మేలు.

ఇసుకకు మాత్రం ఒక గాజు సీసా కావాలి. తడి ఇసుక పొంగుతుంది. ప్రతి రేణువు చుట్టూ పలచని నీటి పొర చేరి రేణువులను దూరం నెడుతుంది. తేమ బరువులో 5 శాతం దగ్గర ఉన్నప్పుడు ఈ పొంగు పావు వంతు దాకా వెళ్తుంది, సన్న ఇసుకలో ఇంకా ఎక్కువే. చిత్రమేమిటంటే, ఇసుకను పూర్తిగా నీట ముంచితే రేణువులు మళ్లీ దగ్గరికి చేరి పొంగు పోతుంది. పక్కలు నిటారుగా ఉన్న సీసాలో లారీ ఇసుకను కూరకుండా వదులుగా పోయండి. మట్టం దగ్గర గీత పెట్టండి. నీళ్లు పోసి కర్రతో కలిపి వదిలేయండి. ఇసుక కుదురుకున్నాక కొత్త మట్టం గీత కన్నా ఎంత దిగువన ఉందో చూడండి. 20 సెం.మీ. ఉన్నది 16కు దిగిందంటే, మీరు పది ఘనపు మీటర్లకు డబ్బిచ్చి ఎనిమిదే ఇంటికి తెచ్చుకున్నారు. వానల దేశంలో ఇసుక పొడిగా వచ్చే రోజులు తక్కువ. ఘనపరిమాణం లెక్కన కొనే చోట ఈ పొంగును అంచనాలో చేర్చకపోతే ఇసుక ప్రతిసారీ తరుగు వస్తుంది. అప్పుడు నింద పడేది మేస్త్రీ మీద.

తీరంలో ఉచితంగా దొరికే సముద్రపు ఇసుక గురించి ఒక్క మాట. దానిలోని ఉప్పు కాంక్రీటు లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. సరిగ్గా కడిగి పరీక్షించని సముద్రపు ఇసుక ఎంత చవకైనా చవక కాదు.

సిమెంటు కూడా తేమకు లోకువే. ఒకేసారి మొత్తం కొంటే టోకు ధర వస్తుందని ఆశపడతాం. బస్తాల్లో మూడు నెలలు నిల్వ ఉన్న సిమెంటు బలం ఐదో వంతు వరకు తగ్గవచ్చు. నేల నుంచి పైకి, గోడలకు ఎడంగా, పరదా కప్పి పెట్టడానికి ఒక షెడ్డు కావాలి. ఆ షెడ్డు ఖర్చు, కాపలా మనిషి జీతం టోకు ధరలో మిగిలినదాన్ని తినేస్తాయా లేదా అన్నది లెక్క వేసుకోవాలి. సిమెంటును ఏ పని ముందు ఆ పనికే కొనడం నా మట్టుకు నాకు నచ్చే పద్ధతి.

నేల కింది లెక్కే అన్నింటికన్నా అనిశ్చితం. అంచనాలో దానికే అందరూ తక్కువ స్థలం ఇస్తారు. మన ఇంటికి బయటి గోడల కింద 40 మీటర్లు, లోపలి గోడల కింద మరో 20 మీటర్లు పునాది అనుకుందాం. వెడల్పు 90 సెం.మీ., లోతు ఒక మీటరు అయితే తవ్వకం 54 ఘనపు మీటర్లు. గట్టి నేల మీటరు దగ్గర తగలక మీటరున్నర దగ్గర తగిలితే తవ్వకం 81. పునాది గోడ ఎత్తు కూడా ఆ మేరకు పెరుగుతుంది. ఇది గట్టి నేల దొరికినప్పటి మాట. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు తీసే నల్ల బంకమట్టి అయితే పునాది రకమే మారిపోవచ్చు. అటువంటి నేల మీద మామూలు పునాది వేస్తే వానాకాలంలో పైకి లేచి, వేసవిలో దిగి, గోడలకు పగుళ్లు తెస్తుంది. భూగర్భజలం పైన ఉన్న చోట గుంతలో నీళ్లు ఊరుతుంటే పంపు, డీజిలు, కూలిన గట్లు మళ్లీ ఎత్తిపోసే కూలి మొదలవుతాయి. నేల పరీక్షకు అయ్యే ఖర్చు మొత్తం ఇంటి ఖర్చు ముందు చాలా చిన్నది. ఇంటి అంచనాల్లో సర్వసాధారణంగా కొట్టేసే పద్దు కూడా అదే.

పునాది పైన, నేల పరిచే లోపు, మరో ఖర్చు నక్కి ఉంటుంది. బేస్‌మెంటు ఎత్తు. వరద నీరు రాకుండా ఇంటిని చుట్టుపక్కల నేల కన్నా 60 సెం.మీ. ఎత్తాలంటే గోడల మధ్య సుమారు 55 ఘనపు మీటర్ల మట్టి గట్టిపడాలి. వదులు మట్టి దిమ్మిస తగిలితే కుంగుతుంది కాబట్టి లారీల్లో దాదాపు 70 ఘనపు మీటర్లు రావాలి. మీటరు ఎత్తాలనుకుంటే 90 దాటి గట్టిపడిన మట్టి కావాలి, లారీల లెక్క అందుకు తగ్గట్టే. కొందరి ఇళ్లలో ఈ మట్టి ఖర్చు స్తంభాల ఇనుముతో పోటీ పడుతుంది. చెదల మందు కొట్టవలసినదీ ఈ దశలోనే, నేల కాంక్రీటు పడకముందే. అది కూడా నేల నీళ్లోడుతున్నప్పుడు కాకుండా కాస్త ఆరినప్పుడు. ఇల్లు పూర్తయ్యాక గచ్చుకు రంధ్రాలు చేసి కొట్టించుకోవచ్చు గానీ అప్పటి ఖర్చు వేరు, చిరాకు వేరు.

వానను అంచనా వేయడానికి ఒక సులువైన లెక్క ఉంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. గంటకు 100 మి.మీ. చొప్పున కురిసే జడివానలో మన 125 చదరపు మీటర్ల స్లాబు మీద గంటకు 12,500 లీటర్లు, అంటే నిమిషానికి రెండు వందల లీటర్లకు పైగా. ఈ నీరంతా ఎక్కడికో పోవాలి. స్లాబు పైన వాలు పోత, వాటర్‌ప్రూఫింగ్, గొట్టాలు, కింద కాలువ, ఆ కాలువను కలుపుకునే చోటు. అంచనాలో ఒకటి రెండు గొట్టాలు రాసి ఉంటే వాటి వ్యాసం ఎంత అని అడగండి. నీరు స్లాబు మీద నిలిచిందంటే లోపలికి దారి వెతుక్కుంటుంది, మొదటి ఏడాది కాకపోయినా మూడో ఏడాది.

వానకు మరో ముఖం ఉంది, కాలం. తడి నెలల్లో కూలీలు వచ్చి కూర్చుని వెళ్లే రోజులుంటాయి. ఏళ్ల తరబడి నది ఇసుక మీద ఆధారపడిన చోట వరద వస్తే ఇసుక దొరకదు, దొరికినా ధర ఎక్కి కూర్చుంటుంది. ఎండలో ఆరబెట్టే ఇటుకలకు వానాకాలంలో బట్టీలు ఆగిపోతాయి. సరే, అంతా పొడి నెలల్లోనే కట్టేద్దాం అంటే నీటి ఇబ్బంది మొదలు. కాంక్రీటు పోసిన తర్వాత రోజుల తరబడి తడిగా ఉంచకపోతే బలం రాదు, వేడి దేశంలో అది ఇంకా త్వరగా ఎండి బీటలు తీస్తుంది. మన స్లాబు మీద మడులు కట్టి 5 సెం.మీ. నీరు నిలపాలంటే 6,000 లీటర్లకు పైగా కావాలి. రోజుకు 5 మి.మీ. ఆవిరైనా మళ్లీ రోజూ ఆరు వందల లీటర్లు పోయాలి, కనీసం వారం, వీలైతే రెండు వారాలు. ట్యాంకరుతో నీళ్లు కొనే చోట ఇది చిన్న పద్దు కాదు. మేస్త్రీ అంచనాలో నీళ్లు యజమానివే అన్న ఒక్క మాట ఉంటుంది చూడండి, దాని అర్థం ఇంత.

మిగిలినవి త్వరగా చెప్పుకోవచ్చు. స్లాబు పడగానే ఇల్లు అయిపోయినట్టే అనిపిస్తుంది గానీ చాలా ఇళ్లలో ఖర్చు అప్పటికి సగం అటూ ఇటూగానే ఉంటుంది. ఆ తర్వాత వచ్చే తలుపులు, కిటికీలు, దోమల జాలీలు, టైల్స్, పైపులు, వైర్లు, రంగులు లెక్క కన్నా అభిరుచికి లొంగే పద్దులు. వీటికి ఒక్కోదానికి ఇంత అని మొత్తం కేటాయించి, రకం పేరు కూడా రాసుకోవాలి. మంచి టైల్స్ అన్న మాటకు కాంట్రాక్టరు మనసులో ఉన్న అర్థం, ఇంటావిడ మనసులో ఉన్న అర్థం ఎన్నడూ కలవవు. బయటి నుంచి దిగుమతి అయ్యే సరుకులున్న చోట, ముఖ్యంగా ద్వీప దేశాల్లో, ఓడ కిరాయి, సుంకం, డబ్బు మారకపు విలువ ఇంటి ఖర్చును గుట్టుచప్పుడు కాకుండా కదుపుతుంటాయి.

ప్రహరీ గోడ నాకు ప్రత్యేకంగా ఇష్టమైన ఉదాహరణ. మన ఇల్లు 15 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవున్న స్థలంలో ఉందనుకోండి. ప్రహరీ పొడవు 70 మీటర్లు. ఇంటి బయటి గోడ 40. చదరపు అడుగు రేటులో ఆ 70 మీటర్లు లేవు. బోరు, గేటు, సెప్టిక్ ట్యాంకు, అనుమతుల రుసుము, నక్షాల రుసుము కూడా లేవు.

ఒకసారి ఒక పరిచయస్తుడు రెండు అంచనాలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఒకటి ఒకే పేజీ, మొత్తం తక్కువ. రెండోది ఏడు పేజీలు, మొత్తం ఎక్కువ. ఏది తీసుకోమంటారు అన్నాడు. ఏడు పేజీలలో ఉండి ఒక పేజీలో లేనివాటికి పక్కన పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ వెళ్లాం. మట్టి నింపడం, చెదల మందు, వాటర్‌ప్రూఫింగ్, వాన గొట్టాలు, సెంట్రింగ్ (స్లాబు పోయడానికి కింద కట్టే తాత్కాలిక చట్రం) కిరాయి, చెత్త తరలింపు. టిక్కులు పద్నాలుగు అయ్యాయి. చవక అంచనాలో ధరలు తక్కువ కావు, పనులు తక్కువ. అతను చివరికి ఎవరిని కుదుర్చుకున్నాడన్నది వేరే సంగతి. ఆ ఏడు పేజీలు తీసుకెళ్లి ఒకటో ఆయనతో ప్రతి టిక్కుకూ ధర రాయించాక, రెండు మొత్తాల మధ్య తేడా చాలావరకు కరిగిపోయింది.

అనుకోని ఖర్చులకు పది శాతం కలుపుకోమని అందరూ చెప్పే సలహా మంచిదే గానీ ఆ పదిలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి. తెలియని పనులకు పెట్టుకునేది ఒకటి, తెలిసిన పనుల ధర పెరిగితే పెట్టుకునేది మరొకటి. నేల పరీక్ష, కడ్డీల నక్షా చేతికి వచ్చాక మొదటిది తగ్గించుకోవచ్చు. రెండోది కాలంతో పెరుగుతుంది. తొమ్మిది నెలల పని పద్దెనిమిది నెలలైతే ధరల పెరుగుదలతో పాటు ఉంటున్న ఇంటి అద్దె, తెచ్చిన అప్పుకు వడ్డీ కూడా రెట్టింపు కాలం నడుస్తాయి. అవి ఇంటి అంచనాలో ఎవరూ రాయరు, కట్టేది మాత్రం మనమే.

అందువల్ల ధరల పట్టికకు ముందు క్యాలెండరు తీయడం మంచిది. వానలు మొదలయ్యే వారం దగ్గర గీత పెట్టి వెనక్కి లెక్కించాలి. ఆ గీతకు ముందే కప్పు పడి, బయటి ప్లాస్టరింగ్ అయిపోవాలి. ప్లాస్టరింగుకు మూడు వారాలు తీసేయండి. అంతకు ముందు స్లాబు తడిపే రెండు వారాలు, సెంట్రింగ్ కట్టి ఇనుము అల్లే మరో రెండు వారాలు. గోడలకు మేస్త్రీ నెలన్నర అంటే నెలన్నర. పునాది, మట్టి నింపడం, చెదల మందు కలిపి ఇంకో నెలన్నర. సుమారు ఐదు నెలలు వెనక్కి వచ్చాం. నక్షా, దాని మీద ఇంజనీరు లెక్క, అనుమతి, రెండు మూడు అంచనాలు తెప్పించి పెన్సిలుతో పోల్చుకోవడం, వీటికి ఇంకో మూడు నెలలైనా పడుతుంది. ఇంజనీరు పునాది గీయాలంటే అతని చేతిలో నేల నివేదిక ఉండాలి. వానలకు ఎనిమిది నెలల ముందు, అంటే దాదాపుగా కిందటి వానలు వెలిసి నేల ఇంకా పూర్తిగా ఆరకముందే, స్థలంలో మొదటి గుంత తవ్వించాలి. అప్పుడు తవ్విన గుంతలో నీటిమట్టం ఎంత పైకి వస్తుందో కూడా కనిపిస్తుంది.